లక్క ఇల్లు కాలని మధ్యాహ్నం

రెండు గంటల ఆటకి హాలు తలుపులు మూసేశారు, దీపాలు వరసవరసా ఆరిపోతున్నాయి, జనం దగ్గాల్సిన దగ్గులన్నీ ఇప్పుడే దగ్గేసి సర్దుకుని కూర్చుంటున్నారు, ఆ సర్దుకునే చప్పుడుని బట్టే ఎంతమంది వచ్చారో చెప్పగలదు సుభద్ర, ఆరువందలకి పైమాటే, ఆదివారం మధ్యాహ్నం ఈ వానలో ఈ గాలిలో వెల్లింగ్టన్ జనం ఇంతమంది ఇల్లు కదిలారంటే మెచ్చుకోవాల్సిందే. స్టేజికి ఎడమ పక్కన, నల్ల తెరల సందులో, నేలమీద తెల్ల టేపుతో గీసిన చదరం లోపల తన ఎత్తు స్టూలు మీద కూర్చుని ఆమె మెడలోంచి తాళంచెవి తీసింది. నల్లతాడుకి కట్టిన చిన్న ఇత్తడి తాళంచెవి. అది ఒళ్ళో ఉన్న పెట్టెకి పెట్టి తిప్పేదాకా ఈ స్టేజి మీద నిప్పురవ్వ పుట్టదు. తిప్పాక కూడా, ఎడమ చేత్తో పెట్టె పిడిని గట్టిగా పట్టుకుని, కుడి బొటనవేలితో ఎర్ర బొత్తాం నొక్కితేనే పుడుతుంది. ఎడమ చేతి పట్టు ఇసుమంత సడలినా బొత్తాం చచ్చిపోతుంది. ఆ పిడి ఆమె పెట్టించిందే, ఇరవై ఆరేళ్ళ క్రితం, ఇప్పుడు ఆక్లాండ్‌లోనూ ఇక్కడా ఆమెకి తెలిసిన ప్రతి స్టేజి మీదా అదే ఉంది. మొదటి నిప్పుకి ఇంకా ముప్పై ఎనిమిది నిమిషాలు. తెర లేచింది. మృదంగం మోగింది. ఇవాళ్టి నృత్యరూపకం నిప్పు చెప్పే భారతం, లక్క ఇల్లు ఒకటి, ద్రౌపది పుట్టిన హోమగుండం ఒకటి, ఖాండవ వనం ఒకటి, మూడు నిప్పులు, మూడూ తనవే.

అరవై ఎనిమిదేళ్ళ మనిషికి ఈ స్టూలు మీద నడుము నొప్పి పుట్టాలి కదా అని తనతో పనిచేసే హారిక రోజూ అడుగుతుంది, పుడుతుంది, పుట్టనీ, యాభై మూడేళ్ళుగా రాజ్యాలు తగలబెట్టిన నడుము ఇది, ఆ మాత్రం నొప్పి ఉండాలి. అమ్మాయిలు అటునుంచి ఇటు పరిగెత్తినప్పుడల్లా గాలి వచ్చి మొహాన కొడుతోంది, ఆ గాలిలో మల్లెపూల సెంటూ మేకప్పూ చెమటా, పూజలో వాడిన సాంబ్రాణీ కలిసి, వాటి అడుగున ఎక్కడో గుగ్గిలం వాసన లేకపోయినా ఉన్నట్టే ఉంటుంది సుభద్రకి, నాటకం వాసన అంటే గుగ్గిలం వాసనే మరి. నాన్న పంచెకి ఉండేది ఆ వాసన. ఎన్ని చాకిరేవులకి వేసినా పోయేది కాదు. వీరభద్రం అంటే రేపల్లె నుంచి చీరాల దాకా నాటక సమాజాల్లో తెలియనివాడు లేడు, మందు వీరభద్రం, గుగ్గిలం పొడి దోసిట్లోకి తీసుకుని కాగడా మీదికి విసిరాడంటే మంట తాటిచెట్టంత లేచేది, నరసింహస్వామి స్తంభం చీల్చుకుని రావాలంటే కొబ్బరిచిప్పలో మందు కూరి వత్తి పెట్టి ముట్టించేవాడు, జనం మూడూళ్ళ అవతలినుంచి బళ్ళు కట్టుకుని వచ్చేది హిరణ్యకశిపుడి పద్యాలకి కాదు, ఆ స్తంభం పేలడానికి. పిల్లలందరూ చెవులు మూసుకునేవాళ్ళు, సుభద్ర మూసుకునేది కాదు, అందుకే ఎడమ చెవి ఇప్పటికీ కాస్త మందం.

స్తంభమంటే వెదురుబద్దల మీద కాగితం. నాన్న దాని వెనక నక్కి కూర్చునేవాడు, అక్కడినుంచి స్టేజి కనపడదు, పద్యం వినాలి, ఫలానా మాట పడగానే వత్తికి నిప్పు అందించాలి, ఎన్ని వందల ఆటలు అలాగే చేశాడో. రేపల్లెలో ఆ రోజు పెద్ద బల్లలు దొరక్క స్టేజి ఇరుకుగా కట్టారు. లీలావతి వేషం అమ్మది. లక్ష్మీబాయి లీలావతిగా ఏడిస్తే ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. అమ్మ ఏడుస్తూ వెనక్కి రెండడుగులు వేసింది, ఎప్పుడూ వేసే రెండడుగులే, కానీ ఆ రెండో అడుగుకి ఆ రోజు స్టేజి లేదు, స్తంభం ఉంది, నాన్నకి పద్యం వినపడింది గానీ అమ్మ కనపడలేదు. పట్టుచీర అంటుకోవడానికి ఎంతసేపు. హార్మోనియం ఆయన కింద పరుచుకున్న జంపఖానా లాగి అమ్మ మీద వేసి పొర్లించాడు కాబట్టి బతికింది. మోచేతినుంచి మెడదాకా కుడిపక్కంతా కాలింది. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు, వాళ్ళకి ఆటలో భాగమే అనిపించింది పాపం, ఆ చప్పట్లు సుభద్ర మర్చిపోలేదు, పదిహేనేళ్ళ పిల్లకి వినపడిన ఆ చప్పట్లు, అందుకే ఇప్పటికీ జనం చప్పట్లు కొడితే సంతోషించదు, ముందు స్టేజి మీద మనుషుల్ని లెక్కపెట్టుకుంటుంది, అందరూ ఉన్నారా అని.

నాన్న మళ్ళీ మందు ముట్టుకోలేదు. తెరతాడు లాగే పనిలో కూర్చుండిపోయాడు, మాట కూడా తగ్గించేశాడు. గుంటూరు ఆసుపత్రిలో వేపాకుల మీద పడుకున్న అమ్మే సుభద్రని దగ్గరికి పిలిచింది. "సమాజం మూతపడితే పాతికమంది తిండి పోద్దే. నువ్వు చెయ్యి."

"నా వల్ల కాదమ్మా. నాకు నిన్ను చూస్తేనే ఏడుపొస్తంది."

"ఏడిస్తే ఏడువు, కళ్ళు మాత్రం మూసుకోమాకు. మీ నాన్న చెవితో వెలిగించాడు. నువ్వు కంటితో వెలిగించు. మందు వైపు చూడమాకు, అది యాడికీ పోదు. మనిషి వైపు చూడు."

అంతే, అమ్మ చెప్పింది అంతే, ఆ తర్వాత సుభద్ర చదివిన పుస్తకాలూ రాసిన పరీక్షలూ తల పట్టుకుని చదివిన ఇంగ్లీషు రూల్సూ అన్నీ ఆ నాలుగు మాటలకి టీకా తాత్పర్యాలే. కంటితో వెలిగించాలంటే స్తంభం వెనక కూర్చోకూడదు, దూరంగా, అంతా కనపడే చోట కూర్చోవాలి, దూరంగా కూర్చుంటే వత్తి ముట్టించలేదు, కాబట్టి వత్తి ఉండకూడదు. సైకిలు షాపు మొగిలయ్య దగ్గర తీగ, నాన్న టార్చిలైటు, నెల్లాళ్ళ కుస్తీ. చీరాలలో మొదటిసారి పదిహేను గజాల అవతల కూర్చుని, అమ్మ స్తంభానికి నాలుగడుగులు ఇవతల నిలబడ్డాక, కట్టు కట్టిన చేతితోనే నిలబడింది ఆ మహాతల్లి, సుభద్ర మీట నొక్కింది. పేలింది. నరసింహస్వామి వచ్చాడు. అమ్మ అక్కడే ఉంది. ఆ రాత్రి సమాజంలో అందరూ అన్నం తిన్నారు, సుభద్ర మాత్రం రెండుసార్లు తిన్నది. తర్వాత తర్వాత నేర్చుకున్నది ఇంకోటి, పిడికెడు మందు అక్కర్లేదు, చిటికెడు చాలు, పేలే ముందు రెప్పపాటు చీకటి చేస్తే ఆ చిటికెడే జనం కళ్ళకి కొండంత అవుతుంది, మిగతా పని చీకటి చేసిపెడుతుంది, చీకటి కాలదు, కాల్చదు. ఈ సంగతి నాన్నకి చెబితే "నాకు తట్టలేదే" అన్నాడు. మెచ్చుకోలో పశ్చాత్తాపమో ఇప్పటికీ తేల్చుకోలేదు సుభద్ర.

"సుభద్రా, పైరో వన్‌కి ఇరవై నిమిషాలు," హెడ్‌సెట్‌లో నైరీ గొంతు, స్టేజి మేనేజరు నైరీ, ఈ దేశంలో ఆమెకి దొరికిన మొదటి స్నేహితురాలు. పైరో అంటే ఇక్కడివాళ్ళ మాటలో స్టేజి నిప్పు. సరే అంది సుభద్ర. బయట దక్షిణపు గాలి సామాను దింపే తలుపుని పట్టి ఊపుతోంది. ఈ గాలికి పొద్దున్నే ఆమె భర్త ఉదయభాస్కర్ గొడుగు ఒకటి చచ్చింది, ముప్పై ఏళ్ళుగా ఉంటూ ఈ ఊళ్ళో గొడుగు వేసే మనిషి ఆయనొక్కడే. అసలు ఆ పెళ్ళే కరెంటు దొంగతనంతో మొదలైంది, విద్యుత్తు శాఖలో ఇంజనీరు, నాటకం వాళ్ళు స్తంభం మీంచి వైరు లాగారని కట్ చేయడానికి వచ్చినవాడు, ఈ మీట ఏంటి ఈ తీగ ఏంటి ఎవరు చేశారు అని అడిగి, చేసింది పాతికేళ్ళ ఆడపిల్ల అని తెలిసి, వైరు కట్ చేయకుండా ఆట చూసి వెళ్ళి వారానికి సంబంధం కబురు పంపాడు. ఆ తర్వాత ఆయన కంప్యూటర్లు నేర్చుకోవడం, ఇక్కడ గవర్నమెంటు ఆఫీసులో కాంట్రాక్టు దొరకడం, సెటిల్ అయ్యాకే నువ్వు రా అంటే వినకుండా ఆమె తన సూట్‌కేసులో చీరల మధ్య మీట పెట్టుకుని దిగడం, ఎయిర్‌పోర్టులో దాన్ని చూసి నలుగురు ఆఫీసర్లు చుట్టూ మూగడం.

మూడేళ్ళు ఇదే థియేటర్‌లో దుస్తులు ఇస్త్రీ చేసింది. ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఒక ఆపెరాకి వీళ్ళు నిప్పు పుట్టించడం చూసింది, మంట జానెడు, పొగ ఇంటెడు, మూడో వరసలో జనం రుమాళ్ళు అడ్డం పెట్టుకుంటున్నారు. అడగకుండా ఉండలేకపోయింది. ఆ పనిచేసే పెద్దాయన మంచివాడు, నవ్వి, సరే చూపించు అన్నాడు. కారు పార్కులో చూపించింది. అప్పుడు నైరీ ఇరవై రెండేళ్ళ పిల్ల, అసిస్టెంటు, చేతిలో ఫైలు పట్టుకుని చూస్తూ నిలబడింది, చూసి ఫైలు కింద పడేసింది. లైసెన్సు పరీక్షకి వెళ్తే ఎక్కడ నేర్చుకున్నావు అని ఒకాయన అడిగాడు, రేపల్లె అంది, స్పెల్లింగ్ చెప్పమన్నాడు, చెప్పింది, అయినా తప్పు రాశాడు, ఆ తప్పుతోనే సర్టిఫికెట్టు గోడమీద ఉంది. పిడి తయారుచేసినప్పుడు దీనిపేరేంటని నైరీ అడిగితే పట్టు అంది. నైరీ పగలబడి నవ్వింది. మా మావోరీలో పటు అంటే శత్రువు తలమీద మోదే ఆయుధం, మాది కొట్టేది, నీది ఆపేది, బాగుంది అని. అప్పటినుంచి ఈ దేశపు కుర్రాళ్ళందరూ పటూ పటూ అంటారు, ఏ భాషదో వాళ్ళకే తెలీదు. హార్బరు ఒడ్డున కొత్తసంవత్సరం వేడుకలో గాలి తిరిగితే ఆ పట్టు వదిలేసి కూర్చుంది ఒకసారి, ఎదురుగా ఇరవైవేల మంది, వేదిక మీద ఎవరో పెద్ద పదవిలో ఉన్నాయన, నిర్వాహకులు వచ్చి బతిమాలారు, బెదిరించారు, కుదరదంది. పదేళ్ళుగా కంప్యూటర్లు వచ్చాయి, పాటతో పాటే నిప్పు దానంతటదే పుడుతుంది ఆంటీ అని అందరూ అంటారు, పుడుతుంది, పాట దాని చెవి, దానికి కన్ను లేదు, కన్ను లేనిదాని చేతికి నిప్పు ఇవ్వనంటే ఇవ్వను.

"స్టాండ్‌బై పైరో వన్."

తాళంచెవి తిప్పింది. పచ్చదీపం ఎర్రబడింది. ఎడమ చెయ్యి పిడిని పట్టుకుంది, బొటనవేలు బొత్తాం మీద వాలింది, ఎక్కడి ఆలోచన అక్కడ ఆగిపోయింది, ఇక స్టేజే ఉంది. లక్క ఇంటి ముందు పురోచనుడు కాగడాతో తిరుగుతున్నాడు. కుంతి వేషంలో అమృత, తెల్లచీరలో, అయిదుగురు కొడుకుల్నీ ఒక్కొక్కళ్ళనే సొరంగంలోకి దించుతోంది, సొరంగమంటే స్టేజి నేలలో చిన్న తలుపు. భీముడు దిగాడు. చివరికి అమృత దిగింది. తలుపు మూసుకోవాలి. నీలం వెలుగు పడింది. వీణ ఆగింది. చీకటి ఒక్క రెప్పపాటు.

"పైరో వన్... గో."

తెల్లగా ఉంది. తలుపు దగ్గర, నేలమీద, చీర మడతలాంటిది, తెల్లగా. ఆలోచన రాకముందే ఎడమ చెయ్యి విచ్చుకుంది.

నిప్పు లేదు. మృదంగాలు ఉరిమాయి, ఎర్రదీపాలు వెలిగాయి, పురోచనుడు మంటల్లో చిక్కుకున్నట్టు గిలగిల కొట్టుకుంటున్నాడు, అతని చుట్టూ నిక్షేపంగా నిలబడి ఉంది లక్క ఇల్లు. "పట్టు వదిలాను. నిప్పు లేదు," అంది సుభద్ర మైకులో. "సరే. పైరో సేఫ్. లైట్లు తర్వాతి క్యూకి వెళ్దాం," అంది నైరీ, ఎందుకని అడగలేదు, అడగకూడదని సుభద్రే నేర్పింది, ఆపినవాళ్ళని ఆట అయ్యేదాకా ఎందుకని అడగకూడదు. సుభద్ర తాళంచెవి వెనక్కి తిప్పి, తీసి మళ్ళీ మెడలో వేసుకుంది. ఇలా ఆపడం ఇది పద్నాలుగోసారి, పద్నాలుగుసార్లలో మూడుసార్లు మనుషులు దక్కారు, మిగతా పదకొండుసార్లు ఏదో ఒకటి, జారిన పూలదండ, నిలవని తెర, ఏదో ఒకటి ఉండనే ఉంది. ఇవాళ చీర. ఆ పిల్ల కొంగు తలుపులో ఇరుక్కుని ఉంటుంది, చెప్పాలి, పిన్ను పెట్టుకోమని చెప్పాలి.

ఎనిమిది నిమిషాలకి విరామం. రూపకం కూర్చిన శ్రీవల్లి, హైదరాబాదు అమ్మాయి, ఆక్లాండ్ మౌంట్ ఆల్బర్ట్‌లో డాన్సు స్కూలు నడుపుతుంది, గజ్జెలు ఘల్లుమంటుండగా పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది ఆంటీ? మన లక్క ఇల్లు కాలనే లేదు! పాపం పురోచనుడు ఊరికే కిందపడి కొట్టుకున్నడు!"

"నేనే ఆపాను. అమృత కొంగు బయట ఉంది."

వెనకే వచ్చిన అమృత తన కొంగు తను చూసుకుంది. "నాదా? లేదు ఆంటీ, నడుముకి చుట్టి బిగించేశానుగా. నేను దిగిపోయి తలుపు లాక్ చేసి కింద వాటర్ తాగుతున్నా అప్పటికి."

నైరీ తన చిన్న తెరను ఇటు తిప్పింది. చీకట్లో కూడా కనిపించే కెమెరా ఒకటి స్టేజి పైన ఉంటుంది. సొరంగం తలుపు మూసుకోవడం, నీలం వెలుగు, వట్టి బల్లలు. ఏమీ లేదు. మళ్ళీ వెయ్యమంది సుభద్ర. వట్టి బల్లలు. ఆవిడ లేచి తన చదరంలోకి వెళ్ళి నిలబడి, ఆ నీలం దీపం ఒక్కసారి వేయించమంది. వేశారు. రెండు కళ్ళతో చూసింది, చీర మడత. కుడికన్ను మూసి చూసింది, వట్టి బల్ల. ఎడమకన్ను మూసి చూసింది, చీర మడత, తెల్లగా, మెత్తగా, కావాలంటే చేత్తో పట్టుకోవచ్చన్నట్టు.

ఆగస్టులో కంటి డాక్టరు చెప్పింది, కుడికంట్లో శుక్లం మొదలైంది, దీపాల చుట్టూ వెలుగు చిమ్మినట్టు కనపడుతుంది, చిన్న ఆపరేషనే అని. ఈ రూపకం అయ్యాక చేయించుకుంటానంది. ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, నిజంగా దాచాలని కాదు, మర్చిపోయింది, కాదు, మర్చిపోవాలనుకుంది, ఇదిగో ఈ సంగతి ఇప్పుడు ఇక్కడ నిలబడి తనకి తను ఒప్పుకోవడం ఎంత కష్టంగా ఉందో చూడు. లేనిది కనపడింది. ఇవాళ లేనిది కనపడింది కాబట్టి లక్క ఇల్లు మిగిలింది. ఆ వెలుగు ఇంకోలా చిమ్మి ఉన్నది కనపడకుండా పోతే? తెల్లచీర తెల్లవెలుగులో కలిసిపోతే? అమ్మ ఆ రెండో అడుగు వేస్తుంటే తన కంటికి వట్టి బల్లలే కనపడితే? అక్కడితో ఆలోచన ఆగింది. ఇంక ఆలోచించడానికి ఏమీ లేదు కూడా. గాలి తిరిగితే ఇరవైవేలమందిని వెనక్కి పంపిన మనిషి, తన కన్ను తిరిగితే మాత్రం చూద్దాంలే అనుకుంటుందా?

"హారికా," అంది.

హారిక పెట్టె వెనక తీగలు చూస్తోంది. హామిల్టన్‌లో పాలపరికరాల కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం మానేసి పదకొండేళ్ళ క్రితం సుభద్రతో కలిసింది, ఇప్పుడు సుభద్ర నిప్పుల కంపెనీలో సగం ఆమెదే, లైసెన్సు ఉంది, నలభై దాటాయి, అయినా సుభద్ర ఉన్న ఊళ్ళో ఏనాడూ ఈ స్టూలు ఎక్కలేదు.

"రెండోదీ మూడోదీ నువ్వు చెయ్యి."

"ఆంటీ, డౌట్ వస్తే ఆపమని మీరే కదా నేర్పించారు. మీరు చేసింది కరెక్టే."

"ఆపడం కరెక్టే. చూడడమే తప్పయింది. నాకు కుడికన్ను సరిగ్గా లేదు, మూణ్ణెల్ల నుంచి తెలుసు, నీకు చెప్పలేదు. చెప్పాల్సింది." మెడలోంచి నల్లతాడు తీసింది, తీస్తుంటే ముడి జుట్టుకి చిక్కుకుంది, హారికే విడదీసింది.

"సరే. మీరు పక్కన ఉండండి ఆంటీ, చాలు."

"ఉండను. నేను పక్కన ఉంటే నువ్వు స్టేజిని చూడవు, నన్ను చూస్తావు."

హారిక తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని తలూపింది. నైరీ రిపోర్టు పుస్తకం తెరిచింది. పైరో చేసే మనిషి మారినట్టు రాయాలి, అది రూలు. "కారణం రాయాలా?" అని తన ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. "రాయి. కన్ను అని రాయి," అంది సుభద్ర. నైరీ రాసి, పెన్ను మూసి, తమ మావోరీ పలకరింపులా ముక్కుకి ముక్కు ఆనించి ఒక్క క్షణం అలాగే ఉండి, తర్వాత మామూలు గొంతుతో, "ఇక నా స్టేజి మీంచి నడు, అయిదు నిమిషాల్లో మొదలు," అంది.

మేకప్పు గదుల పక్కనుంచి నడవా, మెట్లు, బరువైన తలుపు. ఏడుపొస్తుందేమో అని చూసుకుంది, రాలేదు. ఒళ్ళో పెట్టె బరువు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు, అంతే. తాళంచెవి ఎవరో లాక్కున్నది కాదు, తనే తీసింది, తను చేసిన రూలు తన మీద కూడా పనిచేసిందంటే గట్టి రూలే చేసింది. ఆపరేషను చేయించుకుంటుంది, కన్ను బాగైతే మళ్ళీ పరీక్ష రాస్తుంది, రేపల్లె స్పెల్లింగ్ ఈసారైనా సరిగ్గా రాయించాలి. తలుపు తోసింది. హాలు. కుర్చీల వాసన, తడిసిన కోట్ల వాసన, పిల్లల చేతుల్లో ఐస్‌క్రీములు. ఇన్నేళ్ళలో ఆట నడుస్తుండగా ఈ వైపు ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. తన నిప్పు ముందువైపు నుంచి ఎలా ఉంటుందో తనకి తెలియదు.

తెలిసిందల్లా ఉదయభాస్కర్ చెప్పిందే. ప్రతి రూపకానికీ వస్తాడు, చివర కుర్చీ తీసుకుంటాడు, ఇంటికెళ్ళాక పప్పన్నం కలుపుకుంటూ వర్ణిస్తాడు, తామరపువ్వు విచ్చుకున్నట్టుందనీ, నెమలి పురివిప్పినట్టుందనీ. పదమూడో వరస చివర ఉన్నాడు, పక్క ఖాళీ కుర్చీలో తడి కోటు. ఆమెని చూసి దిగ్గున లేచాడు.

"ఏమైంది? ఎవరికైనా ఏమన్నా..."

"ఎవరికీ ఏం కాలేదు. కోటు తియ్యండి, కూర్చుంటాను."

"ఇక్కడా? మరి అక్కడ?"

"హారిక ఉంది. ఇంటికెళ్ళాక చెప్తాను."

కోటు ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆమె మొహం చూసి, చేతిలో ఉన్న పిప్పరమెంటు ఒకటి ఇచ్చాడు. దీపాలు ఆరాయి. ద్రుపదుడి యాగశాల. ఇక్కడినుంచి అంతా చిన్నగా, దగ్గరగా, ఒకే బొమ్మలా ఉంది, పక్కనుంచి చూసే సుభద్రకి మనుషుల వీపులే ఎక్కువ తెలుసు, అందరికీ మొహాలున్నాయి ఇక్కడ. మంత్రాలు మొదలయ్యాయి. కుడి బొటనవేలు మోకాలి మీద దానంతటదే వాలింది. తాళం ఇంకా ఎన్ని ఆవర్తాలో తెలుసు, నాలుగు, మూడు, రెండు, నైరీ గొంతు వినపడనక్కర్లేదు, ఇప్పుడు అంటుంది, అంది, బొటనవేలు మోకాలిని నొక్కింది.

రాలేదు.

హారిక ఏం చూసిందో, ఎవరు పక్కకి వచ్చారో, గుండం వెనక ద్రౌపది తన చోటులో ఉందా, ఉంది, మరి ఆమె వెనక గుంపులో ఆ కుర్రది, ఆ కుర్రది ఒక్క పాదం లోపలికి జరిగింది, వెనక్కి తీసుకుంది, తీసుకోగానే, అర సెకను ఆలస్యంగా, హోమగుండంలోంచి మంట లేచింది. అడుగున నీలంగా, పైన పసుపుపచ్చగా, అంచు ఎక్కడుందో తెలియకుండా, చప్పుడు కూడా సరిగ్గా లేకుండా లేచి, దాంట్లోంచి ద్రౌపది అడుగు బయటపెట్టింది. హాలంతా ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చుకుంది. ఆరువందల మొహాలు బంగారం రంగు తిరిగి మళ్ళీ చీకట్లోకి పోయాయి. అర సెకను. హారిక చూసింది. పాటని వినలేదు, నైరీని వినలేదు, చూసింది. సుభద్రకి లేచి నిలబడి అరవాలనిపించింది, ఆ అర సెకను గురించి ఎవరికైనా చెప్పాలనిపించి పక్కకి తిరిగింది.

ఉదయభాస్కర్ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. రెండు చెవుల్లో రెండు చూపుడువేళ్ళు. నుదురంతా ముడతలు.

చప్పట్లకి వేళ్ళు తీసి, కళ్ళు తెరిచి, ఆమె వైపు వంగి, "అబ్బ, తామరపువ్వే అనుకో," అన్నాడు.

"మీరు కళ్ళు మూసుకున్నారు."

ఉదయభాస్కర్ ఒళ్ళో కోటు మడత సర్దుకున్నాడు.

"ఎప్పటినుంచి?"

"మొదట్నుంచీ," అన్నాడు, స్టేజి వైపు చూస్తూ. "అది పేలే చోట నువ్వు ఉంటావు కదా. ఎట్లా చూడమంటావ్? తెర పడ్డాక నువ్వు బయటికి వచ్చేదాకా నాకు ఊపిరాడదు."

"ఇవాళ ఇక్కడే ఉన్నాగా, పక్కన."

"అలవాటైపోయింది."

ఇరవై ఆరేళ్ళ తామరలూ నెమళ్ళూ, అన్నీ ఆయన కళ్ళు మూసుకుని చూసినవే. కోపం రావాలి కాబోలు. ఒక పక్క నవ్వు వస్తోంది, ఇంకో పక్క ఇన్నేళ్ళూ తను స్టేజి మీద మనుషుల్నే లెక్కపెట్టుకుంది గానీ, చీకట్లో ఈ పదమూడో వరసలో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న ఒక మనిషిని లెక్కలోకి తీసుకోనేలేదని తెలుస్తోంది. ఆయన చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఇంకోటుంది, ఖాండవ వనం. పెద్దది. చూడండి."

"చూస్తాను."

"ఒట్టు?"

"చూస్తానన్నానుగా."

అర్జునుడు విల్లు ఎత్తాడు. స్టేజి నిండా పచ్చటి గుడ్డలు, అడవి. సుభద్ర స్టేజి వైపు చూడలేదు, ఆయన వైపే చూసింది, రెప్పలు రెండుసార్లు వాలబోయాయి, చెయ్యి నొక్కింది, తెరుచుకున్నాయి. చీకటి ఒక్క రెప్పపాటు. తర్వాత ఆయన కళ్ళద్దాల్లో రెండు చిన్న మంటలు లేచి, వాటి వెనక పెద్దగా, మరీ పెద్దగా విచ్చుకున్న రెండు కళ్ళు.

"ఇంత చిన్నదా, నేను ఇన్నేళ్ళూ భయపడింది!" అన్నాడు ఉదయభాస్కర్, గట్టిగానే, ముందువరసలో ఇద్దరు వెనక్కి తిరిగేంత గట్టిగా.

"అంతే," అంది సుభద్ర.